ముందర గది సర్దార్

మా నాయిన ఎవ్వల్నీ నమ్మకపోయేటోడు. పాలాయన పోసిన పాలల్ల వేలు ముంచి చూసేటోడు. బస్సుల కండక్టర్ ఇచ్చిన టికెట్‌ను ఎండకు పట్టి చూసేటోడు. నేను పొయ్యి బంద్ చేసి వచ్చి కూసుంటె, తను లేచి పోయి సిలిండర్ మూతి కాడ ముక్కు పెట్టి వాసన చూసొచ్చేటోడు. "బంద్ చేసిన గద నాయినా" అంటె, "అవ్, నువ్వు చేసినవ్. నేను చూడలే గదా" అనేటోడు. ఆయన కడుపున పుట్టిన దాన్ని, నాకు మాత్రం ఆ బుద్ధి రాకుంట ఎట్లుంటది? విత్తొకటి పెడితె చెట్టొకటి మొలుస్తదా!

ఆయన్ను గట్ల తయారు చేసింది బాయి. మా దిక్కు బొగ్గుగనిని బాయి అంటరు. కొత్తగూడెం దిక్కు బాయిలల్ల ఆయన సర్దార్‌గ చేసిండు. సర్దార్ అంటె పెద్ద దొర ఏం గాదు. కూలోళ్ళు లోపటికి పోకముందె దీపం పట్టుకోని ఒక్కడె పోయి, కప్పు గట్టిగున్నదా, యాడన్న చెడుగాలి నిండిందా అని చూసొచ్చేటోడు. ఆయన సరే అంటెనె తక్కినోళ్ళు అడుగు పెట్టాలె. షిఫ్టు అయిపోంగనె ఇంటికి ఉరుకొచ్చుడు గూడ ఉండది. తర్వాతి సర్దార్ రావాలె, యాడ ఏమున్నదో ఆయనకు చెప్పి అప్పజెప్పాలె, గప్పుడె దిగాలె. రిలీవర్ రాకపోతె ఇగ అంతె సంగతి, ఇంకో షిఫ్టు గూడ ఈయనె చెయ్యాలె. నా చిన్నప్పుడు మా అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి, తీసి, మళ్ళ పెట్టుకుంట తలుపు దిక్కు చూసుడు నాకు ఇంకా యాదున్నది.

అమ్మ పోయినంక నాయినను నేనె పాల్వంచకు తెచ్చుకున్న. మా ఆయన థర్మల్ ప్లాంట్‌ల కంట్రోల్ రూం ఆపరేటర్, కంపెనీ కాలనీల క్వార్టర్ ఇచ్చిండ్రు. నాయిన వచ్చుడైతె వచ్చిండు గానీ, మనసు కుదరలే. బిడ్డింట్ల కూసోని తినుడు మావోళ్ళల్ల నామోషి. మాటకు ముందు "నేను ఊరికి పోత" అనేటోడు. ఆ ఊరు చర్ల అవుతల అడివిల ఉన్నది, ఆడ మా పెదనాయిన కొడుకులున్నరు. ఆయన ఛాతీ నిండ బొగ్గుపొడి. రెండు మెట్లెక్కితె పిల్లనగోయి లెక్క ఊపిరి కూస్తది. ఆ ఊళ్ళె దవాఖాన లేదు, గోదారి పొంగితె బస్సు గూడ రాదు. "ఆడికి పంపితె వానకాలం వెళ్ళదియ్యడమ్మా, కొత్తగూడెం దవాఖానకు దగ్గర్ల ఉంచు" అని డాక్టర్ నాకు మొఖం మీదనె చెప్పిండు. ఇగ నాకు ఒక్కటె రంధి: నాయిన తన రేకుపెట్టె సర్దకుంట చూసుకునుడు.

అందుకె ఇంట్ల ఎవ్వలేం మాట్లాడినా నేను చెవులు రిక్కించుకోని వినేదాన్ని. మా ఆయనది అసలె తక్కువ మాట. మామ వచ్చినంక ఆ ఉన్నది గూడ పోయింది. "తిన్నరా మామా?" "తిన్న అల్లుడా." గంతె! మంచిగ మాట్లాడుకోరు, కొట్లాడుకోరు. కొట్లాడుకున్నా నాకు ధైర్యం ఉండు. మా ఆయన లోలోపట ఈ ముసలాయన ఎప్పుడు పోతడా అని చూస్తుండేమొ అని నా అనుమానం. నాయినకు గూడ అదే అనుమానం. నాతోని అనకపోయినా, అల్లుడు ఇంట్లకు రాంగనె మంచం మీద కాళ్ళు ముడుసుకునే తీరు చూస్తె తెలుస్తది.

గిట్లాంటి ఇంట్లకు వైర్‌లెస్ తెచ్చి పెట్టిన నేను.

గప్పుడు నేను ఒక ప్రైవేటు బడిల కంప్యూటర్ చెప్తుంటి. మా బడి కరస్పాండెంట్ పిసినారోడు, ఊకె వస్తదని అన్నిట్ల విండోస్‌కు బదులు లినక్స్ వేయించిండు. నాకు అదే అలవాటైంది. దూరవిద్యల ఎంసీఏ చదువుకుంట, ఇంట్ల అసెంబుల్ చేయించిన కంప్యూటర్‌ల గూడ అదే వేసుకున్న. నాయినకు లినక్స్ సంగతి చెప్తె మొదలు అడిగింది ఒక్కటె, "ఊకె ఎందుకిస్తుండ్రు బిడ్డా? ఊకె ఇస్తుండ్రంటె అందుల ఏదో ఉన్నది" అని.

ఫోన్ పాయింటు ముందర గదిల ఉన్నది. నాయిన మంచం గూడ ఆడనె, ఎందుకంటె కూలర్ ఆ కిటికీకె పట్టింది. నా కంప్యూటర్ వెనక గదిల. ఫోన్ కాడి నుంచి నడిమి గది దాటి నల్లటి కేబుల్ గుంజుకున్న. ఒకనాడు పొద్దుగాల నాయిన కాలికి తట్టుకోని బొక్కబోర్ల పడ్డడు. లేచి, వంటింట్లకెల్లి కత్తిపీట తెచ్చి ఆ కేబుల్‌ను టపీమని కోసిండు. "బాయిల గూడ గిట్ల నడిచే తొవ్వల వైరు వెయ్యరు" అన్నడు. నాకు ఒళ్ళు మండింది గానీ, ఆయన మోకాలు చూసి నోరు మూసుకున్న. మా ఆయన ఇదంత చూసి మూడు మాటలన్నడు, "వైర్‌లెస్ పెట్టుకో మరి." మామ మీద కోపంతోని అన్నడా, నా మీద జాలితోని అన్నడా? గది గూడ నాకు అనుమానమె.

ఖమ్మం పోయి వైర్‌లెస్ డబ్బా, కంప్యూటర్ వెనక గుచ్చే చిన్న పుల్ల తెచ్చుకున్న. డబ్బా ఫోన్ పాయింటు కాడ పెట్టంగనె పచ్చలైట్లు వెలిగినయి. పుల్లను గుచ్చితె మాత్రం లినక్స్ దాని మొఖమె గుర్తుపట్టలే. నల్లతెర మీద కమాండ్ కొడితె, వైర్‌లెస్ అనేదె ఈడ లేదు పొమ్మన్నది. పుల్ల చేసినోళ్ళు దానితోని పని చేయించే సాఫ్ట్‌వేర్, డ్రైవర్ అంటరు, విండోస్‌కె ఇచ్చిండ్రు, లినక్స్‌కు ఇయ్యలే. ఆ విండోస్ డ్రైవర్‌నె లినక్స్‌ల నడిపిచ్చే ప్రోగ్రాం ఒకటి ఉన్నదట. అది దించుకోవాలంటె నెట్ గావాలె. నెట్ రావాలంటె అది గావాలె. పిచ్చి కుదిరితెగాని పెళ్ళి కాదు, పెళ్ళి అయితెగాని పిచ్చి కుదరదు! ఆఖరికి బస్టాండు కాడి నెట్ సెంటర్ల కూసోని పెన్‌డ్రైవ్‌ల ఎక్కించుకోని వచ్చిన. ఆ సెంటర్ ఆయన నా వెనక నిలబడి, "ఏంది మేడం, ఏదన్న హ్యాకింగా?" అన్నడు. నల్లతెర చూస్తె చాలు అందరికి అనుమానమె.

మొత్తానికి వచ్చింది. పుల్ల కొసకు చిన్న లైటు మినుకుమన్నది, తెర మూలకు సిగ్నల్ గీతలు లేచినయి. నేను చిన్నపిల్ల లెక్క చప్పట్లు కొట్టిన. నాయిన వచ్చి తలుపు కాడ నిలబడ్డడు. మా బిడ్డకు గప్పుడు మూడేండ్లు, ఆయన చంకల ఉన్నది.

"వైరు లేకుంట ఆ గదిలకెల్లి ఈ గదికి ఎట్లొచ్చింది?"

"తరంగాలు నాయినా. రేడియోకు వచ్చినట్టె."

"గోడ అడ్డముండె గదా?"

"గోడలకెల్లి గూడ వస్తది."

"మనిషిలకెల్లి?"

"వస్తది. ఏం గాదు నాయినా, అందరిండ్లల్ల పెట్టుకుంటుండ్రు."

"కనబడదా?"

"కనబడది."

"వాసన?"

"అబ్బ! నాయినా, ఏం వాసన ఉండది. ఆ డబ్బాను మాత్రం ఎవ్వలు ముట్టుకోవద్దు. స్విచ్ కట్టేస్తె నా పని ఆగిపోతది."

ఆయన ఇగ ఏం అడగలే. పిల్లను ఇంకో చంకకు మార్చుకోని పోయిండు. నాయిన అడగకుంట ఊకున్నడంటె నమ్మిండని గాదని నాకు గప్పుడె తట్టాలె.

అది ఎండకాలం. బడికి సెలవులు. హైదరాబాద్‌ల ఉన్న గైడ్‌కు నా ప్రాజెక్ట్ ముక్కలు ముక్కలుగ మెయిల్‌ల పంపుతున్న. పొద్దుగాల మంచిగ పనిచేసే సిగ్నల్, పగటిపూట అన్నాలు తిన్నంక పడిపోయేది. ఒకనాడు గాదు, రోజు! లేచి ముందర గదికి పోతె పచ్చలైట్లు మంచిగనె వెలుగుతున్నయి. పిల్ల తాత మంచం మీద పండుకోని ఉన్నది. నాయిన పక్కన స్టూలు మీద, మొఖం మీద తువ్వాల కప్పుకోని కునుకుతున్నడు. వెనక్కొచ్చి కూసుంటె సిగ్నల్ ఉన్నది. జర సేపు పని చేసుకుంటనొ లేదొ, మళ్ళ మాయం! మళ్ళ పోతె మళ్ళ లైట్లు. నన్ను ఏదో ఆట పట్టిస్తున్నట్టె ఉన్నది.

ముందుగాల పక్క క్వార్టరోళ్ళ మీద పడ్డ. వాళ్ళ పిలగాడు కొత్తగ ల్యాప్‌టాప్ కొన్నడు, నా నెట్ గుంజుకుంటుండని పాస్‌వర్డ్ మార్చిన. అయినా పోయింది. వాళ్ళు సెలవులకు ఊరు పోయి ఉన్నరని తర్వాత తెలిసింది. అయితె పుల్ల తప్పేమొ, డ్రైవర్ తప్పేమొ అని లినక్స్‌ను మొదటి నుంచి మళ్ళ వేసిన. గదీ తప్పు గాదు.

గప్పుడు ఇంట్లోళ్ళ మీద కన్నేసిన. చూస్తున్నకొద్ది ఒక్కొక్కటి బయటపడ్డది. డబ్బా వచ్చినకాడి నుంచి నాయిన ముందర గదిల బీడీ ముట్టిస్తలేడు. ఎండల గేటు దాక పోయి, ఆడ నిలబడి తాగొస్తుండు. నేను శుక్రవారం పూట దేవుని పటం ముంగట అగరొత్తి ముట్టియ్యబోతె, "ఆ గదిల వద్దు, వంటింట్ల పెట్టుకో" అన్నడు. "దేవుడు ఆడున్నడు గదనె!" అంటె, "దేవుణ్ణి గూడ వంటింట్లకు తీసుకపో" అన్నడు. నా సత్తు గంజు, పప్పు వండుకునేది, పగటిపూట అటక మీద కనబడకపోయేది, సాయంత్రానికి ఆడనె బోర్లిచ్చి ఉండేది. నాకేమన్న మతిమరుపా అని నన్ను నేనె అనుమానపడ్డ.

వీటన్నిటికంటె నన్ను కలవరపెట్టింది ఇంకోటి. ఒకనాడు మా ఆయన డ్యూటీ దిగొచ్చి స్నానానికి పోయిండు. అంగీ ముందర గది కొక్కానికి తగిలిచ్చిండు. నేను చాయ్ పట్టుకోని వచ్చేవరకు నాయిన చెయ్యి ఆ అంగీ జేబుల ఉన్నది. నన్ను చూసి చెయ్యి గుంజుకోని, గుప్పిట మూసి వెనక్కు పెట్టుకున్నడు. అల్లుని జేబుల మామ చెయ్యి పెట్టుడేంది? మా ఆయన చూస్తె ఏమైతుండె? నాయినను అడగాలంటె నోరు రాలే, మా ఆయనకు చెప్పాలంటె మొఖం చెల్లలే. ఆయనకు గూడ తెలుసేమొ, తెలిసె ఊకున్నడేమొ అని మా ఆయన మొఖం దిక్కు చూసుకుంట కూసున్న.

ఇట్ల గాదని ఒకనాడు నేనె నిఘా పెట్టిన. సిమెంట్ నేల మీద నా మెట్టెలు టిక్కుటిక్కుమంటయి. నేను లేచినట్టు ముందర గదిల ఉన్నోళ్ళకు ఆ చప్పుడుతోనె తెలుస్తది. మట్టిల మోగవు గదా! సిగ్నల్ పడిపోయెదాక కూసున్న. పడిపోంగనె వెనక తలుపుల నుంచి బయటికి పోయి, క్వార్టర్ చుట్టు తిరిగి, కూలర్ పక్క కిటికీ సందులకెల్లి తొంగి చూసిన. ఎండకు గోడ కాలుతున్నది.

పిల్ల మంచం మీద వెల్లకిల పండుకున్నది. డబ్బా ఉన్న తావుల డబ్బా లేదు, నా సత్తు గంజు బోర్లిచ్చి ఉన్నది. దాని అంచు చుట్టు తడిపిన గోనెగుడ్డ ఒత్తి ఒత్తి పెట్టి ఉన్నది. నాయిన ఆ గంజుకు పిల్లకు నడుమ స్టూలేసుకోని, పిల్ల ఛాతీ దిక్కె చూసుకుంట కూసున్నడు. తువ్వాల లేదు, కునుకు లేదు. అది పైకి లేచి కిందికి దిగుతుంటె, ఆయన గడ్డం గూడ దానితోని లేచి దిగుతున్నది.

నేను కిటికీ కాడి నుంచె అరిసిన. "ఏంది నాయినా ఇది!"

ఆయన ఉలిక్కిపడి గంజు మీద చెయ్యేసిండు. నేను లోపటికి వచ్చెవరకు గంజును ఒళ్ళె పెట్టుకోని కూసున్నడు. పిల్ల లేవలే.

"సీలు చేసిన" అన్నడు.

"ఏంది సీలు చేసేది? అది చెడుగాలా? ఎన్నిసార్లు చెప్పాలె నీకు, తరంగాలు అని! నా చదువు నాశనం చేస్తుంటివి గదా! నేను కంప్యూటర్‌ను మొదటికి తెచ్చి మళ్ళ వేసుకుంటి, పక్కింటోళ్ళను దొంగలనుకుంటి!"

"నీ పని ఆగుతదా దీనికి?" ఆయన మొఖం నిజంగ తెల్లవోయింది. "స్విచ్ కట్టేస్తె నీ పని ఆగుతదంటివి. అందుకె స్విచ్ ముట్టలే. మూతి మూస్తె పిల్ల దిక్కు రాదు, నీ దిక్కు పోతది అనుకుంటి."

"ఆయన జేబులల్ల చెయ్యి పెట్టుడేంది మరి?"

"అగ్గిపెట్టె." ఇది గూడ తెల్వదా అన్నట్టు చూసిండు. "బాయి మూతి కాడ అందరి జేబులు తడిమెటోన్ని. చెడుగాలికి అగ్గి తగిలితె అంటుకుంటది, అగ్గి తీసుకోని లోపటికి పోనిస్తమా? అల్లుని అగ్గిపెట్టె గేటు కాడ గూట్ల పెట్టిన, పోయేటప్పుడు మళ్ళ జేబుల వేస్తున్న. చూసుకో పో."

నాకు నవ్వు రావాలె. రాలే. ఇన్ని దినాలు మింగిన అనుమానమంత కోపమై బయటికొచ్చింది. "ఇంటికొచ్చిన మనిషిని దొంగ లెక్క తడుముతవా? కనబడని దానికల్ల గిట్ల భయపడుకుంట ఎట్ల బతుకుతం?"

"కనబడె దానికి భయపడొద్దు బిడ్డా. కప్పు కూలెముందు చప్పుడు చేస్తది, ఉరకొచ్చు. గాలి చప్పుడు చెయ్యది. నా కింది కూలోడు ఒకడు గట్లనె పండుకున్నడు. డ్యూటీల నిద్రపోతుండని తిట్టుకుంట లేపవోయిన." ఆయన పిల్ల దిక్కు చూసిండు. "పగటిపూట ఇది పండుకున్నదంటె నాకు వాడె యాదికొస్తడు."

ఆడ ఆగాల్సింది మాట. నా నోరు ఆగలే. "ఇది మా ఇల్లు నాయినా, నీ బాయి గాదు!"

ఆయన గంజును నా చేతుల పెట్టిండు. లేచి, మంచం కింద నుంచి రేకుపెట్టె గుంజిండు. రెండు పంచెలు, ఒక అంగీ, మందుల సంచి. "అవ్. మీ ఇల్లె" అన్నడు. నేను చెయ్యి పట్టుకుంటె విడిపిచ్చుకున్నడు. చర్ల అవుతలి ఊరు, గోదారి, డాక్టర్ చెప్పిన మాట, అన్ని ఒక్కసారె కళ్ళ ముంగటికొచ్చినయి.

గానీ నాయిన గేటు దాటలే. పెట్టె తెచ్చి వరండాల వేసుకోని దాని మీద కూసున్నడు. భద్రాచలం బస్సు రోడ్డు మీద హారన్ కొట్టుకుంట పోయింది. లేవలే. ఇంకోటి పోయింది. లేవలే. మంచినీళ్ళు ఇస్తె తాగిండు. "లోపటికి రా నాయినా" అంటె, "అల్లుడు రానీ" అన్నడు.

మళ్ళ నాకు అనుమానం పట్టుకున్నది. అల్లుడు రానిచ్చి ఏం చేస్తడు? నా మీద పంచాయితీ పెడతడా? కాలనీ అంత చూసెటట్టు నన్ను బద్నాం చేస్తడా? మా ఆయన మాత్రం ఏమంటడు? "సరె మామా, మీ ఇష్టం" అంటడు. అనె మనిషె! ఇన్ని దినాలు ఎదురుచూసింది దొరికింది గదా ఆయనకు. బస్టాండు దాక స్కూటర్ మీద దింపొస్త అంటడేమొ గూడ. అంటె నేను ఏం చెయ్యాలె, యాడికి పోవాలె? నేను తలుపు చెక్కకు ఆనుకోని నిలబడి ఇవన్ని ఆలోచిస్తుంటె, మా ఆయన మొదటి షిఫ్టు దిగి స్కూటర్ మీద వచ్చిండు.

ఆయన పెట్టెను చూసిండు, మామను చూసిండు, నా చేతులున్న గంజును చూసిండు. ఏమైందని అడగలే.

నాయిన లేచి నిలబడ్డడు. తువ్వాల భుజం మీద సరిచేసుకున్నడు. గొంతు మారింది. నా చిన్నప్పుడు బాయి కాడికి పోతె విన్న గొంతు అది.

"అల్లుడా, ముందర గదిల డబ్బా నడుస్తున్నది. మూత తీసిన. అగ్గి ఏం లేదు, నీ అగ్గిపెట్టె గేటు కాడ గూట్ల ఉన్నది. కిటికీ తెరిసి పెట్టిన, గాలి మంచిగ ఆడుతున్నది. పిల్ల పండుకున్నది. ఊపిరి సమంగ ఉన్నది. లేచెదాక పక్కన మనిషి ఉండాలె. చూసుకో. చార్జి తీసుకుంటె నేను దిగుత."

గప్పుడు తెలిసింది నాకు, ఆ ముసలాయన ఇంతసేపు ఎవ్వలి కోసం కూసున్నడొ. అలిగి పోయెటోడె, గానీ పిల్లను ఎవ్వలికి అప్పజెప్పకుంట పోలేకపోయిండు.

మా ఆయన స్కూటర్ స్టాండేసిండు. చేతి రుమాలు తీసి మెడ తుడుసుకున్నడు. ఆ మెడ తుడుసుకునుడు ఎంతకు ఒడువలే.

"నేను తీసుకోను మామా" అన్నడు.

"అంటె?"

"నేను పొద్దుగాల నుంచి ఒక షిఫ్టు చేసొచ్చిన. ఇంకోటి చెయ్యనీకి నాతోని కాదు. మీ బిడ్డ చెయ్యది, ఆమెకు కంప్యూటర్ పని ఉన్నది. ఇంకెవ్వలున్నరు? మీకు రిలీవర్ లేడు." ఆయన ఒక్కసారి ఇంత మాట్లాడుడు నేను పెళ్ళైనంక విన్లే. "రిలీవర్ లేకుంట మీరు డ్యూటీ దిగనీకి లేదు. బాయిల గదె రూలు, ప్లాంట్‌ల గదె రూలు. మీకు తెల్వనిదా?"

అల్లుడు ఎగతాళి చేస్తుండా అని నాయిన ఆయన మొఖం నిండ చూసిండు, టికెట్‌ను ఎండకు పట్టి చూసినట్టు. మా ఆయన కండ్లు దించలే.

"లేదు. రూలు గదె" అన్నడు నాయిన.

మా ఆయనె పెట్టె ఎత్తుకపోయి మంచం కిందికి తోసిండు. తోసినంక గేటు కాడికి పోయి, గూట్ల ఉన్న అగ్గిపెట్టెను చూసి, మళ్ళ ఆడనె పెట్టొచ్చిండు. నేను వంటింట్లకు పోయి నీళ్ళ కుండ మీద తల పెట్టి ఏడ్చిన. మామ పోవాలని కోరుకుంటుండు అని ఇన్ని దినాలు అనుకున్న మనిషి ఈయనె!

ఆ దినం నుంచి మా ఇంట్ల ఒక పద్ధతి నడిచింది. పిల్ల పండుకున్నంతసేపు డబ్బా మీద గంజు. నాకు నెట్ ఉండది, ఉన్న పని టైప్ చేసుకోవాలె. పిల్ల లేవంగనె నాయిన గంజు తీసి, "బిడ్డా, ఇగ కొట్టుకో!" అని కేకేసేటోడు. పప్పుకు నేను ఇంకో గంజు కొనుక్కున్న. నా ప్రాజెక్ట్ నెమ్మదిగనె పోయింది, పాసైతె అయిన. నాయినకు ఆ డబ్బా మీద నమ్మకం కుదిరిందా అంటె, లేదు. నల్లతెర మీద సిగ్నల్ ఎంతున్నదో అంకెలల్ల చూపిచ్చిన. "కొలిచెది ఉన్నది, మంచిదె. అది అబద్ధం చెప్తలేదని ఏం గ్యారంటీ?" అన్నడు. పిల్ల బడికి పోవట్టినంక పగటినిద్ర మానేసింది, గంజు పని గూడ తగ్గింది. అయినా ఆదివారం పూట అది ఎప్పుడన్న కునుకు తీస్తె గంజు తయారు.

ఊరి మాట మళ్ళ ఎత్తలే. డ్యూటీల ఉన్నోడు ఊరికెట్ల పోతడు?

చలికాలం ఒకసారి ఛాతీ మరీ పట్టేసింది. కొత్తగూడెం దవాఖానల పడ్డడు. ఈసారి లేస్తడని డాక్టర్ అనలే. ఆ పగటిపూట మా ఆయన, నేను మంచానికి చెరో దిక్కు ఉన్నం. ముక్కుకు ఆక్సిజన్ పెట్టిండ్రు. ఆ పైపును గూడ వేలుతోని తడిమి, గాలి వస్తున్నదా లేదా చూసుకుంటుండె. జర సేపటికి మా ఆయన దిక్కు తిరిగి, పెదాలు ఆడిచ్చిండు. మేం వంగినం.

"పిల్ల..." అన్నడు. ఊపిరి అందుకున్నడు. "అగ్గి ఏం లేదు. కిటికీ తెరిసి ఉన్నది."

ఇగ మాట రాలే. ఎదురు చూసుకుంట ఉన్నడు. నాకు అర్థమై నోట్ల కొంగు కుక్కుకున్న.

మా ఆయన ఆ చెయ్యి పట్టుకున్నడు. "తీసుకున్న మామా" అన్నడు. "చార్జి నాది. ఇగ నువ్వు దిగు."

నాయిన ఆయన దిక్కు చాలసేపు చూసిండు. అనుమానపు మనిషి గదా. చూసి, చూసి, తలకాయ ఊపిండు. సాయంత్రం దాక గూడ ఉండలే.

పెద్దకర్మ అయినంక చుట్టాలందరు పోయిండ్రు. పగటిపూట ఇల్లు బోసిగున్నది. నేను వెనక గదిల కంప్యూటర్ ముంగట కూసున్న. పనేం లేదు, ఊకె కూసున్న. పిల్ల ఏడ్చి ఏడ్చి ముందర గదిల తాత మంచం మీద నిద్రపోయింది. మా ఆయన ఆ గదిలనె ఉన్నడు. అటక మీద ఏదో గిన్నె తీసిన చప్పుడైంది. కొద్దిసేపటికి తెర మూలకున్న సిగ్నల్ గీతలు ఒక్కొక్కటి పడిపోయినయి.

ఆ ఇంట్ల సిగ్నల్ పోతె, ఎందుకు పోయిందో తెలిసినా, ఒకసారి లేచి పోయి చూడకుంట నేను ఎన్నడు ఊకోలే. ఆ దినం లేవలే.